మొగుని పేరు పలకని వీధి

మా ఆయన పేరు నేను నోటితో పలకను. మా పడమటి కర్నూలు పల్లెల్లో నా ఈడు ఆడవాళ్లు చాలామంది అంతే. మొగుని పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్ల అత్త చెప్పింది. "నీ మొగుడెవరమ్మా" అని ఎవరైనా అడిగితే, "మా ఈరప్ప వాళ్ల నాయన" అంటాను. ఈరప్ప నా కొడుకు. సంతలో, ఆసుపత్రిలో, తిరునాళ్లలో, నలభై ఏళ్లకు పైగా ఆ ఒక్క మాటతోనే గడిచిపోయింది.

ఓటు దగ్గర మాత్రం గడవలేదు.

ఓటంటే నాకు ఎంత ఇష్టమో ముందు చెప్పాలి. నాకు ఓటు వచ్చిన ఏటి నుంచి మూడేళ్ల కిందటి దాకా ఒక్కటీ తప్పలేదు. ఈరప్ప కడుపులో ఉన్నప్పుడు ఎండలో నిలబడి వేసి వచ్చాను. మా చెల్లెలి పెళ్లి రోజే ఓట్లు పడితే, తలంబ్రాలు కాగానే పట్టుచీరతో బడికాడికి పరుగెత్తాను. ఇంట్లో ఏం వండాలో కూడా మా అత్తే చెప్పే కాలంలో, ఆ అట్టపెట్టె చాటున నేనేం చేశానో అడిగే మనిషి లేడు. ఆ సంతోషం మగవాళ్లకు తెలియదు.

మూడేళ్ల కిందట పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. స్నానం చేసి, తలకు నూనె పెట్టుకుని, అందరికంటే ముందు పోయి నిలబడ్డాను. కూర్చున్న ఆఫీసరు వేరే ఊరివాడు. పేరు అడిగితే భీమక్క అన్నాను. భర్త పేరు అడిగాడు. మా ఈరప్ప వాళ్ల నాయన అన్నాను. పేరు చెప్పమన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. వెనక నిలబడిన మా పక్కింటి రత్నమణికి ఓపిక చాలక, "సుంకప్ప పెండ్లామప్పా ఈమె" అని చెప్పింది.

ఆయన లిస్టు తిరగేసి, సుంకప్ప భార్య భీమక్క అనేవాళ్లు ఇందులో లేరు, పక్కకు జరగమన్నాడు. రత్నమణి గతీ, మా వీధి ఆడవాళ్లందరి గతీ అంతే అయింది. ఆ పొద్దు ఊరంతా వేలికి సిరా చుక్కతో తిరుగుతుంటే, నేను వేలిని కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా చనిపోతే లిస్టులో పేరు కొట్టేస్తారని విన్నాను. బతికి ఉన్నదాన్ని, జొన్నరొట్టెలు తట్టేదాన్ని, నన్ను ఎందుకు కొట్టేశారో అర్థం కాలేదు. రెండు రోజులు ముద్ద దిగలేదు.

మళ్లీ పెద్ద ఎలక్షన్లు వచ్చే ఏడాదే అనగా, ఈరప్ప కూతురు శివకుమారి ఆదోనిలో డిగ్రీ చదువుతూ సెలవుకు ఇంటికి వచ్చింది. ఓటర్ల లిస్టంతా ఇప్పుడు ఇంటర్నెట్టులో పెట్టారని, ఆదోనికి వస్తే చూపిస్తానని, తప్పులుంటే దిద్దుకోవడానికి ఇంకా నెల గడువు ఉందని చెప్పింది. పేరు లేకపోతే ఏం చేయాలని అడిగాను. చేర్పించుకోవచ్చంది. మరుసటి రోజే బస్సెక్కాను. రత్నమణి, "నాదీ సూసిరా" అని బస్సు దాకా వచ్చి చెప్పింది.

ఆ నెట్ సెంటరు బట్టల అంగళ్ల సందులో ఉంది. ముందర జెరాక్సు మిషను, లోపల చెక్క తడకల మధ్య అయిదు కంప్యూటర్లు. నడిపే ఆయన రాఘవేంద్రప్రసాద్, బట్టల వ్యాపారం చేసే సెట్టిగారి కొడుకు. చెప్పులు బయట విడిచి రమ్మన్నాడు. అది దేవుని గది మాదిరి ఉందే అనుకుని, లోపలికి పోతూ కంప్యూటరుకు ఒక నమస్కారం కూడా పెట్టాను. ఆయన నవ్వలేదు. పెద్దవాళ్లు చాలామంది పెడతారట.

తెరమీద పేరు ఒక చోట, భర్త పేరు ఇంకో చోట రాయాలి. శివకుమారి నా పేరు రాసింది. వాళ్ల తాత పేరు దానికి తెలియదా, రాసెయ్యొచ్చు. అయినా చేతులు వెనక్కి తీసుకుని, నన్నే రాయమంది. పెద్దల బడిలో నేను అక్షరాలు నేర్చుకున్న సంగతి దానికి తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను.

"నోరే కదవ్వా పలకగూడదు," అంది. "యేలు రాయగూడదని మీ అత్త సెప్పిందా?"

నేను ఆలోచించాను. మా అత్త ఆ మాట చెప్పలేదు. పాపం, ఆమెకు రాయడం వచ్చి ఉంటే ఏం చెప్పేదో.

రాఘవేంద్రప్రసాద్ తెరమీద తెలుగు అక్షరాలన్నీ పరిచి ఇచ్చాడు. చూపుడువేలితో మౌసు మీద నొక్కడమే. సుం అన్నది పడింది. క పడింది. ప్ప దగ్గర మూడుసార్లు తప్పు పడింది. ఆఖరికి మా ఆయన పేరు నిండుగా తెరమీద వెలిగింది. ఆయన పేరు కలుస్తుందని, జొన్న కంకికి ఉండే సుంకును కూడా ఇన్నేళ్లూ దురదదుమ్ము అని పిలిచినదాన్ని. సిగ్గేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన వెనక నిలబడి లేడు కదా అని చూశాను.

లిస్టులో ఆ పేరుతో భీమక్క లేదు. అప్పుడు శివకుమారి మా వీధి మొత్తం పేర్లు పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి, ఒక చోట ఆగింది. ఆగి, చున్నీ నోట్లో కుక్కుకుంది. ఏమైందని అడిగాను. రాఘవేంద్రప్రసాద్ వంగి చదివాడు: "భీమక్క. భర్త పేరు, ఈరప్ప."

నా కొడుకు నాకు మొగుడై కూర్చున్నాడు. దాని కింద రత్నమణి, భర్త దేవేంద్రప్ప. దేవేంద్రప్ప అంటే ఆమె పెద్దకొడుకు. మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లం, పదకొండు మందికీ కొడుకులే మొగుళ్లు. అప్పుడు గుర్తొచ్చింది. పంచాయతీ ఓట్లకు ముందు కొత్తగా లిస్టు రాసుకునే ఆయన వచ్చిన పొద్దు మగవాళ్లంతా పత్తిచేలల్లో ఉన్నారు. మేము ఒకరి తరువాత ఒకరు, ఫలానావాని నాయన, ఫలానావాని నాయన అని చెప్పాం. పాపం ఆయన, మేము చెప్పిన పేర్లే రాసుకుపోయాడు. తప్పు ఎవరిదని చెప్పాలి? నేను నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నవ్వు కొంత, లిస్టులో నన్ను చంపలేదన్న సంతోషం కొంత.

బస్సులో మాత్రం భయం పట్టుకుంది. ఆయన పేరు రాసి వచ్చాను కదా, ఇంటి దగ్గర మనిషి ఎలా ఉన్నాడోనని. పోయి చూస్తే అరుగుమీద బీడీ తాగుతూ, రొట్టెలు ఎప్పుడు చేస్తావని కసురుకున్నాడు. ఆ కసురు అంత తీయగా ఎప్పుడూ వినబడలేదు. సంగతి విని ఆయన చాలాసేపు నవ్వి, "అయితే నేను ఇన్నేండ్లు ఎవరింట్లో తింటాండానో," అన్నాడు.

శివకుమారి ఊరుకోలేదు. ఆర్కుట్ అని ఒకటి ఉందట, చదువుకునే పిల్లలంతా రాసుకునే చోటు. అందులో కర్నూలు, కడప పిల్లల గుంపులో రాసింది: "లిస్టులో మా అవ్వకు మా నాయనను మొగుణ్ణి చేసినారు. మీ అవ్వల సంగతి సూసుకోండి." మూడు రోజులకు వందమంది జవాబు రాశారట. బద్వేలు నుంచి హిమబిందు అనే పిల్ల, మా జేజికి, అంటే అవ్వకు, మా చిన్నాయన మొగుడైనాడని రాసింది. బెంగుళూరులో కట్టడం పనులకు పోయిన మా ఊరి పిల్లలకు కూడా ఎవరో చదివి చెప్పారు. వాళ్లు ఇండ్లకు ఫోన్లు చేసి, అమ్మా, లిస్టు సూసుకో, అమ్మా, లిస్టు సూసుకో అని ఒకటే పోరు. మా ఊరికి ఓట్లంటే మైకు కట్టిన జీపు వచ్చినాకే గుర్తొచ్చేవి. ఆ ఏడు జీపు కంటే నాలుగు నెలల ముందే కుళాయి దగ్గర ఓట్ల మాటలు మొదలయ్యాయి.

బడిలో తప్పులు దిద్దే రోజున మా వీధి ఒక్కటే కాదు, ఊరి ఆడవాళ్లు నలభై ఏడుమంది వరుసకట్టాం. ఫారాలు రాసే ఆయన ముందు బెదిరిపోయాడు. తరువాత ఉపాయం దొరికింది. నా వెనకామె నా మొగుని పేరు చెప్తుంది, నేను నా ముందామె మొగుని పేరు చెప్తాను. పక్కింటాయన పేరు పలకడానికి ఏం భయం, ఆయుష్షు తగ్గితే వాళ్లది కదా అని రత్నమణి అంటే, ఫారాలు రాసే ఆయన కలం పక్కన పెట్టి నవ్వాడు. నా ఫారం మాత్రం నేనే రాసుకున్నాను. ఈసారి ప్ప తప్పు పోలేదు.

దిద్దుతారో లేదోనని ఏప్రిల్ దాకా నాకు దిగులే. ఓట్ల పొద్దు మళ్లీ స్నానం, మళ్లీ నూనె, మళ్లీ అందరికంటే ముందు. మళ్లీ కొత్త ఆఫీసరే. పేరు చెప్పాను. భర్త పేరు అడిగాడు. నేను కలం అడిగి తీసుకుని, స్లిప్పు వెనక రాసి ఇచ్చాను. ఆయన నన్నొకసారి, కాగితాన్నొకసారి చూసి, లిస్టు మీద వేలు జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు వెంటే నా కళ్లూ జరిగాయి.

"భీమక్క, భర్త సుంకప్ప," అని గట్టిగా చదివాడు. "ఉంది. చెయ్యి చూపు తల్లీ."

సిరా చల్లగా తగిలింది. అట్ట చాటుకు పోయి నొక్కితే మిషను పొడుగ్గా కూత పెట్టింది. మా వీధి పదకొండు మందికీ ఆ కూత వినిపించింది ఆ పొద్దు. రత్నమణి బయటికి వచ్చి, వేలు ఎండకు పట్టి ఆరబెట్టుకుంటూ ఊరంతా తిరిగింది.

మా ఆయన వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"నా పేరు సెప్పినావా?" అన్నాడు.

"సెప్పల్యా. రాసినా."

ఆయన మీసం దువ్వుకున్నాడు. ఇద్దరం ఇంటిదోవ పట్టాం. నాలుగడుగులు వేశాక దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ఓటు ఎవరికి వేశావని అడిగాడు.

"కట్టుకున్నోని పేరే సెప్పనిదాన్ని," అన్నాను, "వాని పేరు సెప్తానా?"