పదో తోక

తొమ్మిదో రంధ్రంలోకి తీగచుట్టను దించి, మొద్దుమూతి ఇనుపపుల్ల ఆనించి టక్కున ఒక్క దెబ్బ వేశాడు. అడుగున తోక విరిగింది. పట్టకారుతో దాన్ని పైకి తీసి, బల్లమీద పరిచిన తెల్లగుడ్డ మీద మిగతా ఎనిమిదింటి పక్కన పెట్టాడు.

చిన్న విమానం ఇంజను పెట్టె అల్యూమినియంది. ఉక్కు బోల్టుల్ని ఏళ్ల తరబడి విప్పీ బిగించీ చేస్తే ఆ మెత్తటి లోహంలో మరలు చెరిగిపోక ఏం చేస్తాయి? చెరిగినవాటిని తొలిచి, కొత్త మరలు కోసి, వాటిలోకి స్ప్రింగులాంటి ఉక్కు తీగచుట్టను తిప్పుతూ దించాలి. తిప్పడానికి ఆసరాగా ఉన్న తోకను చివర్లో విరిచి బయటికి తియ్యాలి. ఎన్ని చుట్టలు దిగితే అన్ని తోకలూ గుడ్డ మీద కనపడాలి. ఒక్కటి లోపల పడిందా, గాల్లో ఉండగా ఏ పళ్లచక్రాల మధ్యకో పోతుంది. ఆ తర్వాత ఎవరిది తప్పో చెప్పడానికి ఎక్కినవాళ్లు మిగలరు.

ముప్పై ఒక్క ఏళ్లుగా అతనికిదే పని. మర సరిగా తెగిందో లేదో చిటికెనవేలి గోరు ఆనించి చెప్పేస్తాడని షెడ్డులో అందరూ గోరుమావ అంటారు. పొట్టి మనిషి. రంధ్రాల్లోకి వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కనూ ఆమె పసిపిల్లనూ రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాడు, అంతటితో వయసు కాస్తా దాటిపోయింది. ఆ పిల్లను కట్టుకున్నవాణ్ణి ఈ షెడ్డులోనే చేర్పించి, చెయ్యి పట్టుకుని పని నేర్పాడు. ఇప్పుడా అల్లుడే ఇక్కడ ఫోర్‌మన్. ఏకు మేకయిందని అక్క అంటుంది గానీ అతను ఎన్నడూ అనలేదు.

ఆ పొద్దున అక్క అన్న మాట వేరే.

"ఒరే, గ్లాసు ఇటుంటే టీ అటు పోస్తావేంట్రా?"

"చెయ్యి జారిందే అక్కా."

"జారింది చెయ్యి కాదు, చూపు. షెడ్డువాళ్లకి చెప్పెయ్యరా."

"చెప్తే రేపట్నించి ఇంట్లో నీ మొహం చూస్తూ కూచోవాలి."

"ఆ మొహమైనా కనపడుతుందా నీకు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎంత నవ్వుకున్నా ఒలికిన టీ ఒలికినట్టే ఉంది.

ఇప్పుడు షెడ్డులో పదో తోక విరిగిన చప్పుడు స్పష్టంగానే వినపడింది. పట్టకారు మాత్రం ఖాళీగా పైకొచ్చింది. మళ్లీ పెట్టాడు. లేదు. బల్లంతా అరచేత్తో తడిమాడు, మోకాళ్ల మీద వంగి నేల తుడిచాడు. అది అయస్కాంతానికి అంటని ఉక్కు. వెతకడానికి కళ్లు తప్ప గతి లేదు. అతనికి ఉన్నవేమో ఆ కళ్లు.

"ఏంటి మావయ్యా, సాష్టాంగ నమస్కారాలు పెడుతున్నావ్?" అల్లుడు వచ్చాడు. "విమానం ఎక్కేవాళ్లు బయట పిల్లల్తో సహా కూర్చున్నారు. సాయంత్రానికి ఎగరాలి."

"పదో తోక దొరకట్లేదు అల్లుడూ. ఇంజను విప్పాలి."

అల్లుడు అటూ ఇటూ చూశాడు. పాత తుక్కు డబ్బాలోంచి ఒక ముక్క తీసి గుడ్డ మీద వేశాడు. "ఇదిగో, పది."

అతను దానికి గోరు ఆనించాడు. "ఇది లావు తీగ. నేను దించినవి సన్నవి."

"గోరుకి తెలిసింది కంటికి తెలీలేదా?"

"తెలీలేదు. రెండేళ్లుగా తెలీట్లేదు."

అల్లుడు గొంతు తగ్గించాడు. "ఆ మాట బయటన్నావంటే నీతోపాటు నన్నూ పంపేస్తారు. నీ పనికి సంతకాలు పెట్టింది నేనే. నీ మేనకోడలు ఏమైపోవాలి?"

బయట బెంచీ మీద ఎవరో పిల్లవాడు నోటితో ఇంజను చప్పుడు చేస్తున్నాడు. అతను కాసేపు విన్నాడు. తర్వాత నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"తోక లోపల పడిందయ్యా. నాకు చూపు ఆనదు. ఫోర్‌మన్‌కి తెలీదు, దాచిపెట్టాను. ఇప్పుడు కనిపెట్టి విప్పమంటున్నాడు."

విప్పారు. రెండు పళ్లచక్రాలు కలిసేచోట, నూనెలో మునిగి, చీమంత ముక్క దొరికింది. షెడ్డంతా అల్లుడి భుజం తట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, రెండేళ్లలో గోరుమావ చెయ్యి పడిన ప్రతి ఇంజనూ వెనక్కి తెప్పించి విప్పాలని మేనేజరు రాయించాడు. ఆ కాగితం రాసింది అల్లుడే. చేతిరాత చక్కగా ఉంటుంది మరి.

"రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు, కాగితం మీంచి తలెత్తకుండా.

కుళాయి దగ్గర అల్లుడు వెనకే వచ్చి నిలబడ్డాడు. "అత్తయ్యకి ఏం చెప్తావ్ మావయ్యా?"

"నువ్వే కనిపెట్టావని చెప్తాలే. ఆవిడ దగ్గరైనా నీకో మంచి పేరుండాలిగా."

అతను చేతులు కడుక్కుని, గోడ పట్టుకుంటూ గేటు దాటాడు. అతని వెనకే నీడ కూడా మలుపు తిరిగింది.

కుళాయి గట్టు మీద అరిగిన సబ్బుబిళ్ల ఉంది. దాని మీద అతని అయిదు గోళ్లూ గీరిన గాట్లు, వాటిలో నల్లటి నురగ ఇంకా ఒక్కొక్క బుడగే పగులుతోంది.