కడుపులో సూదులు

నేను ఒక సూదుల దిండుని. తణుకులో ఇద్దరు ఆడవాళ్లు నడిపే కుట్టు దుకాణంలో, రెండు మిషన్ల మధ్య బల్ల మీద నా కాపురం. జాకెట్టు కుట్టగా మిగిలిన ఎర్ర పట్టుముక్క నా చర్మం, పాత బొంతలోని దూది నా కడుపు. నన్ను కుట్టింది భూలక్ష్మి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొడిపించుకోవడమే నా ఉద్యోగం. ఇందులో ఏడవడానికేముంది? పొడవని సూది ఏ గుడ్డనూ కుట్టదు.

అయితే నాకో గొప్ప ఉండేది. విరిగిన సూదిమొననైనా, తల ఊడిన గుండుసూదినైనా లోపలికి లాగేసుకుని పైకి నున్నగా కనబడేదాన్ని. ఈ విద్య భూలక్ష్మి దగ్గరే నేర్చుకున్నాను. "అన్నీ కడుపులో పెట్టుకోవాలి" అని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిందట. మనుషులు కడుపును అన్నానికి తక్కువ, మాటలకు ఎక్కువ వాడతారు.

రెండో మిషను షంషాద్‌ది. మంచి పిల్లే, నోరే ఆగదు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా, "డిజైన్లు నాకివ్వండి, మా అక్కది పాతకాలం చెయ్యి" అని నవ్వేది. భూలక్ష్మీ నవ్వేది. ఆ మాట ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. రానురాను ఆవిడకు పలకడమే బరువైంది. ఒకనాడు టేపు తీసి గది కొలిచి, "మధ్యలో చెక్క అడ్డం పెట్టిద్దాం. నీ దారి నీది, నా దారి నాది" అంది.

షంషాద్ మొహం పాలిపోయింది. ఏదో పని ఉన్నట్టు నన్ను పట్టుకుంది. చటుక్కున వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. భూలక్ష్మి కోపం మరిచిపోయి గుడ్డపీలిక చుట్టింది.

"పైన ఒక్క సూదీ లేదు గదక్కా! ఏం గుచ్చుకుంది?"

కత్తెరతో నా కడుపు విప్పారు. తుప్పుపట్టిన ముక్కలు బల్ల మీద గుట్టపడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఓర్పనుకున్నది, నన్ను నమ్మి పట్టుకున్న చేతినే పొడిచింది.

భూలక్ష్మి ఆ గుట్టలోంచి ఒక తుప్పుముక్కను ఏరి పట్టుకుంది. "పాతకాలం చెయ్యి అన్నప్పుడల్లా నాకు గుచ్చుకునేదే" అంది.

"అయ్యో, నువ్వూ నవ్వేదానివి గదక్కా! నీకూ సరదాయేననుకున్నా. అప్పుడే ఓ మొట్టికాయ ఎయ్యొచ్చుగా?"

"ఇప్పుడేస్తాను, ఇలా రా."

వేసింది కూడా. తరవాత ఇద్దరూ ఏడ్చారు. మొట్టికాయ వేసినావిడే ఎక్కువ ఏడ్చింది.

"ఈసారి గట్టిగా కూరి బిగించి కుట్టేద్దామక్కా. ఏదీ లోపలికి దిగదు" అంది షంషాద్, కళ్లు తుడుచుకుంటూ.

"సూది దిగని దిండు మనకెందుకే?" అని భూలక్ష్మి నా కడుపులో కొత్త దూది పెట్టింది.

చెక్క అడ్డం రాలేదు. పాతకాలం మాట మాత్రం అప్పుడప్పుడూ జారుతూనే ఉంది. ఆ వెంటనే మొట్టికాయా పడుతోంది. నన్ను ఇవాళా పొడిచారు, రేపూ పొడుస్తారు. నేను మెత్తగానే ఉంటాను. కాకపోతే ఇక ఏ సూదినీ మొత్తం మింగను. పట్టుకుని లాగేయడానికి దాని తల బయటే ఉంచుతాను.