వెలుతురు గింజలు, ఓబక్క చేట

ఇలా దగ్గరగా జరగండి, చెవులు ఇటు పెట్టండి.

వానలు మొహం చాటేసిన ఏడు, రాయచెర్లులో ఓబక్క చేతిలోని చేటను కోడలు సంజీవమ్మ లాగేసుకుంది.

"నీకు చూపానదత్తా. పుచ్చు గింజ విత్తనంలో కలిస్తే పంటేమైతాది? ఇంక నేనే ఏరుతా."

ముప్పై ఏళ్లుగా వేరుశనగ విత్తనం ఏరిన చెయ్యి! ఓబక్కకు ముద్ద దిగలేదు.

మర్నాడు గంగాధర వచ్చాడు. పక్కనున్న పావగడవాడే, బెంగళూరులో ఏదో సైన్సు ఆఫీసులో పని. వెంట రెండు డబ్బాలు: గాజు కన్నున్న పెద్దదొకటి, అగ్గిపెట్టెంత చిన్నదొకటి. వెలుతురు కూడా గింజలు గింజలుగానే పడుతుందట, ఫోటాన్లంటారట. వాటిని ఒక్కొక్కటిగా పట్టి టిక్కుమనడంలో ఏ డబ్బా మేలో తేల్చాలట. అందుకు కిటికీ లేని ఓబక్క విత్తనాల కొట్టుగది కావాలన్నాడు.

"బెంగళూరులో చీకటి దొరకలేదా అన్నా?" అంది సంజీవమ్మ.

"ఆడ చీకటి గూడా బాడుగకేనమ్మా."

ఓబక్క మరిది హనుమప్ప డబ్బాలను లోపల పెట్టి వచ్చాడు. ఓబక్క వెలుతురు దూరకుండా తలుపు సందులకు పేడ మెత్తుతూ అడిగింది: "మనిషి కన్ను పట్టలేదా అప్పా, ఆ గింజల్ని?"

"అరగంట చీకట్లో కూచుంటే, మంచి కన్ను నాలుగైదు గింజల్నైనా కనిపెడతాదవ్వా."

"అయితే నన్నూ పోటీలో పెట్టు. గెలిస్తే చేట నాది. విన్నావా సంజీవీ?"

"గెలువు, సూద్దాం!"

చీకట్లో గంగాధర బల్బును మిణుక్కుమనిపించీ, అనిపించకుండానూ ఇరవైసార్లు "ఇప్పుడు?" అని అడిగాడు. ఓబక్క "ఉండాది" అనో, "లేదు పో" అనో చెప్పింది. రెండుసార్లు తప్పింది గానీ, లేనిదాన్ని ఉందని ఒక్కసారీ అనలేదు. చిన్న డబ్బా వెలుతురు ఉన్నా లేకపోయినా టిక్కుటిక్కుమంది. పెద్దది నోరే విప్పలేదు.

"నేనే గెలిస్తి!"

గంగాధర యంత్రాలు ఆపి తలుపు తెరిచాడు. పెద్దదాని గాజు కన్ను నిండా పసుపు, నడుమ కుంకుమ!

"కొత్త ఇంజను ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వదుల్తామా?" అన్నాడు హనుమప్ప గర్వంగా. "చిన్నదానికి చోటు చాల్లేదు."

"దాని కన్ను మూసేసినారు, పోటీ చెల్లదు!" సంజీవమ్మ ఎగిరింది.

కన్ను తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పెద్దది అన్నీ పట్టింది. ఓబక్క మళ్లీ రెండు తప్పింది.

"ఓడిపోతివత్తా!"

"ఓడితి. గెలిచినదానికే చేట ఇయ్యి తల్లీ. పట్టుకుంటాదేమో సూద్దాం."

సంజీవమ్మ డబ్బాను చూసింది, అత్తను చూసింది, పకపకా నవ్వి చేటను ఓబక్క ఒళ్లో పడేసింది.

దీన్ని మరిచిపోకండి. నలుగురికీ చెప్పండి, కోడళ్లున్న ఇళ్లలో కాస్త గొంతు పెంచి మరీ చెప్పండి.