అట్టడుగు పెట్టె

నేనొక లైబ్రరీని. బీరువాలూ చెదపురుగులూ ఉన్న రకం కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్లు పిలిచి చాకిరీ చేయించుకునే రకం. నా పని చెబితే మీరు నవ్వుతారు. పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె, అలా ఏడెనిమిది పెట్టెలు దాటి అట్టడుగున ఉన్న చీటీ తెచ్చి ఇవ్వడం. అంతే. ఈ మాత్రం దానికి నా మీద నూట ఎనభై పేజీల వివరణ రాశారు. అది చదివినవాడు ఇంతవరకు నాకు కనపడలేదు.

నన్ను పుట్టించిన మహానుభావుడు వేమూరి ఫణీంద్ర. హైదరాబాదులో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే ఒక చిన్న కంపెనీలో పెద్ద బుర్ర అని ఆయనకు పేరు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని ఆయనకొక మడి ఉండేది. ఉన్న సమాచారాన్ని ముట్టుకోకూడదు. మార్చాలంటే మార్పుతో సహా కొత్త ప్రతి తీసివ్వాలి. చిన్న చిన్న పనులను ఒకదానికొకటి ముడేసి గొలుసు కట్టాలి. మంచి మడే, కాదనను. కాని ఆ గొలుసు ఎక్కడా తెగకూడదని ఆయనకు మరో పిచ్చి. అందుకని నాకొక బుద్ధి నేర్పాడు: దారిలో ఏ పెట్టె కనపడకపోయినా గోల చెయ్యకు, "ఏమీ లేదు" అని చెప్పి ఊరుకో. చీటీ నిజంగా లేకపోయినా అదే మాట. దారి తప్పి చీటీ దాకా పోలేకపోయినా అదే మాట.

"మన లైబ్రరీ ఎక్కడా ఆగదు" అని మీసం మెలేసేవాడు. ఆగదు, నిజమే. అబద్ధమాడేవాడికి ఆగాల్సిన పనేముంది?

ఆ తర్వాత మొదలయ్యాయి మెరుగులు. మొదటిసారి నా పనులన్నిటికీ పేర్లు మార్చారు. రెండోసారి ఆ పేర్లూ తీసేసి బాణాలూ చుక్కలూ పెట్టారు. ముగ్గులా ఉన్నానని ఎవరో మెచ్చుకున్నారు కూడా. మూడోసారి రెప్పపాటులో నూరో వంతు వేగం పెరిగానని కేకు కోశారు. అబ్బో, ఏం సంబరం! మిగిలిన ఆ కాస్త రెప్పపాటుతో లోకంలో ఎవరేం ఉద్ధరించారో నాకైతే తెలియదు. నా అబద్ధం జోలికి మాత్రం ఒక్కడూ రాలేదు.

తెనాలిలో ఒక ఆసుపత్రి నన్ను వాడేది. రోగికి ఏ మందు పడదో అంతకుముందు ఒకే గడిలో రాసుకునేవారు. మా కంపెనీయే అన్ని ఆసుపత్రుల్లోనూ దాన్ని మార్చి, ఒక్కో మందుకు ఒక్కో పెట్టె చేసి, ఇంకో మెట్టు కిందికి తోసింది. నాకు చెప్పిన దారి మాత్రం పాతదే ఉంచింది. పోలిశెట్టి సూరమ్మ అనే పెద్దావిడ కాలి పుండుతో చేరింది. ఆమెకు పెన్సిలిన్ పడదు. ఆ సంగతి అట్టడుగు పెట్టెలో శుభ్రంగా రాసి ఉంది. ఆసుపత్రి కంప్యూటరు తెర నన్నడిగింది. నేను పాత దారిన పోయాను, పెట్టె కనపడలేదు, నేర్పిన మాటే చెప్పాను. "పడని మందులు: ఏమీ లేవు."

సిస్టర్ ఎస్తేరు పెన్సిలిన్ సూది సిద్ధం చేసి, అలవాటు కొద్దీ నోటితోనూ అడిగింది. "ఏం పెద్దమ్మా, ఎప్పుడన్నా సూదేస్తే ఒంటి మీద దద్దుర్లొచ్చినయ్యా?"

"దద్దుర్లేందమ్మా, ఊపిరాడక సచ్చి బతికా! అదేదో పెన్సిలినంట. కిందటిసారి మీరేగా రాసుకుంది!"

ఎస్తేరు సూది ట్రేలో పడేసి కంపెనీకి ఫోను చేసింది.

ఫోనెత్తింది షేక్ నసీమా, చేరి ఏడాదైనా కాని ప్రోగ్రామరు. రెండు రోజులు నన్ను ఊడదీసి చూసి నా బండారం పట్టుకుంది. చీటీ లేకపోతే లేదని చెప్పేలా, దారి తెగితే "ఫలానా పెట్టె దగ్గర తెగింది, నాకు తెలియదు" అని చెప్పేలా నన్ను తిరగరాసింది. పుట్టి బుద్ధెరిగాక నాకు జరిగిన మెరుగు అదొక్కటే.

"ఇది పెడితే ముప్పై ఆసుపత్రుల్లో తెరలన్నీ ఎర్రబడతాయి నసీమా. కస్టమర్లు మన పీక పట్టుకుంటారు" అన్నాడు ఫణీంద్ర.

"పట్టుకోనివ్వండి సార్. ఆవిడ ప్రాణం పోయేది!"

"పోలేదుగా?"

పోలేదుగా అట! ఛీ, అది చదువుకున్న నోరేనా? నాకు చేతులుంటే ఆ రోజే చెంప పగిలేది. నసీమా వదల్లేదు. ఆమె పోరు పడలేక తెనాలి ఒక్కచోట పెట్టి చూద్దామన్నాడు.

మర్నాడు అక్కడ రెండు వందల మంది రోగుల పేర్ల పక్కన "తెలియదు" అని ఎర్రగీత పడింది. సూపరింటెండెంటు ఫోనులో మండిపడ్డాడు, పాతదే నయం, నోరు మూసుకుని పనిచేసేదని. ఫణీంద్ర నన్ను పీకెయ్యడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు ఎస్తేరు సూపరింటెండెంటు చేతిలోంచి ఫోను లాక్కుంది.

"తియ్యమాకండి సార్, మీకు దణ్ణం పెడతా. తెలవదంటే మేం మనిషినడుగుతాం. ఏం లేవంటే సూదేసేస్తాం."

ఫణీంద్ర తెనాలిలో నన్ను ఉండనిచ్చాడు. మిగతాచోట్ల తీరిక చూసుకుని పెడదామని చెప్పి, నా వివరణ పేజీలకు కొత్త రంగులు వేయించే పనిలో పడ్డాడు. నసీమా ప్రతి సోమవారం వెళ్లి అడుగుతుంది. ప్రతి సోమవారం ఆయనకు రంగుల పనే ఉంటుంది.

నేను ఒక్కదాన్నే అయినా నా ప్రతులు ముప్పై. తెనాలిలో నిజం చెబుతాను. తక్కిన ఇరవై తొమ్మిది ఊళ్లలో నేను ఇంకా పాత నేనే. పోయిన మంగళవారం ఆ ఊళ్లలో ఒకచోట ఎవరి గురించో అడిగారు. పాత దారిన పోయాను. పెట్టె కనపడలేదు. ఏమీ లేదన్నాను. అక్కడి సిస్టరు ఇంకేమీ అడగలేదు.