బొగ్గు సిలువలు

కుండ మీది తడి గోనెపట్టా ఎత్తగానే ఏలీయా చేయి ఆగిపోయింది. కొండచిలువ గుడ్లు పదకొండూ కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక్కదాని మీదా తను పెట్టిన బొగ్గు గుర్తు లేదు. రెండేసి మూడేసి అంటుకుని ఉన్నవాటిని ఎవరో విడదీశారు. రెండింటి తోలులాంటి పెంకు చిరిగి నీరు కారుతోంది.

"ఎవరొచ్చినారు సంతోషమ్మా?"

మరదలు సంతోషమ్మ గడప అవతలే నిలబడింది. అర్ధవీడులో గడ్డివాములో దూరిన నాగుపామును పట్టడానికి ఏలీయా రెండు రోజులు ఊరు విడిచి వెళ్ళాడు. గోనె తడుపుతుండమని ఆమెకే చెప్పి వెళ్ళాడు.

"వరప్రసాదం పంతులొచ్చినాడు బావా. ఆదివారం, గుడి అయిపోయినాంక. సైతాను గుడ్ల మీద సిలువలు గీసినావంట గదా. తడిగుడ్డతో తుడిచి, ప్రార్థన చేసి పోయినాడు."

"నువ్వేం చేస్తాంటివి?"

"మోకాళ్ళ మీద ఉంటి."

అవి సిలువలు కావు. ఏది పైవైపో తెలియడానికి పెట్టిన గుర్తులు. కోడి తన గుడ్లను పొర్లిస్తుంది. కొండచిలువ చుట్ట చుట్టుకుని పడుకుందంటే పిల్లలు బయటికొచ్చేదాకా గుడ్డు కదలదు. కదిలి తలకిందులైతే లోపలి పిల్ల ఊపిరాడక చస్తుంది. యర్రగొండపాలెం అడవి అంచున మేకల కాపర్లు తల్లిని కొట్టి చంపితే, ఈ గుడ్లను ఏలీయా ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకొచ్చి నలభై రోజులుగా కాపాడుతున్నాడు. సగానికి తక్కువ కాకుండా పిల్లలను తెస్తే, తన తోటలో పాముల కాపరిగా పెట్టుకుంటానని చెన్నపట్నంలో ఒక దొర మాట ఇచ్చాడు. ఉండడానికి గది కూడా ఇస్తానన్నాడు. ఏలీయాకు గది కాదు కావలసింది, ఈ ఊళ్ళో లేకపోవడం.

పోయినేడు భార్య దీనమ్మ జ్వరంతో చనిపోయింది. వరప్రసాదం మిషన్ బడి పంతులు, సంఘానికి పెద్ద, ఏలీయాకు వరసకు చిన్నాయన. పాములున్న ఇంటి గడప తొక్కనన్నాడు. వీధిలోనే నిలబడి "దేవుని చిత్తం" అని వెళ్ళిపోయాడు. శవం ఉన్నప్పుడు దాటని గడప ఇప్పుడు దాటాడు.

ఏలీయా బడికి వెళ్ళి పంతులును చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. గదిలోకి నెట్టి తలుపు మూశాడు. తలుపుకున్న బెజ్జంలోంచి ఎండ సన్నగా పడుతోంది. ఒక గుడ్డును రెండు చేతులా ఎత్తి ఆ ఎండకు అడ్డం పట్టాడు.

"చూడు చిన్నాయనా."

తోలు లోపల ఎర్రటి నరాలు చెట్టు వేళ్ళలా అల్లుకుని ఉన్నాయి. వాటి నడుమ నల్లటి నీడ ఒకటి మెల్లగా మెసిలింది. పంతులు నోరు తెరిచాడు.

"ఇది బతికుంది. ఇప్పుడు ఇది చూడు."

రెండో దాంట్లో నరాలు లేవు. పులిసిన మజ్జిగలా పచ్చగా ఉంది. నీడ కిందికి జారి ముద్దలా పడి ఉంది.

"నాకేం తెలుసు ఏలీయా? కోడిగుడ్లు మా ఇంట్లో ఎట్లంటే అట్ల పెడతాం గదా."

"అడిగినావా?"

ఏలీయా మిగిలిన గుడ్లను కూడా ఒక్కొక్కటే ఎండకు పట్టి చూశాడు. ఆరింటిలోనే నరాలు కనిపించాయి. నీడ ఉన్న వైపు పైకి వచ్చేలా వాటిని కుండలోని ఇసుకలో పెట్టి, పంతులు చూస్తుండగానే ఒక్కోదాని మీద బొగ్గుతో సిలువ గీశాడు. ఈసారి పెద్దగా గీశాడు.

ఇరవై రెండో నాడు నాలుగు గుడ్లు చీలాయి. ముక్కులు బయటికొచ్చాయి. మిగిలిన రెండూ కుంగి వాసన కొట్టాయి.

నాలుగంటే సగం కాదు. ఏలీయా కాగితం తీసుకుని పంతులు అరుగు ఎక్కాడు.

"దొరకు ఇంగ్లీషులో ఉత్తరం రాయి."

పంతులు రాసి, తెలుగులో చదివి వినిపించాడు. "దేవుని చిత్తమువలన ఏడు గుడ్లు చెడిపోయినవి..."

"కొట్టెయ్."

"మరేం రాయమంటావు?"

"దేవుని మీద పెట్టొద్దు. నేను లేనప్పుడు ఇంట్లో జొరబడి ఎవరు తిప్పినారో రాయి. స్టేషన్ మాస్టరుతో చదివిస్తా. ఒక్క మాట తేడా ఉన్నా మళ్ళీ వస్తా వరప్రసాదం."

ఈసారి చిన్నాయనా అని పిలవలేదు. పంతులు తలెత్తి చూశాడు, తర్వాత తల వంచి రాశాడు. చివర కలం కాగితానికి ఆనించి చాలాసేపు ఉన్నాడు. ఏలీయా కదల్లేదు. పంతులు పూర్తి పేరుతో సంతకం పెట్టాడు.

"దొర నీకు పని ఇస్తాడులే," అన్నాడు కాగితం చాపుతూ. "ఇదంతా మనసులో పెట్టుకోవద్దు అబ్బాయీ."

ఏలీయా సిరా ఆరేదాకా ఊదాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టుకుంటా," అని అరుగు దిగాడు.