మోరి మీద షెడ్డు

గద్వాలలో ఆ గల్లీకి సిమెంటు రోడ్డు వచ్చాక పడిన మొదటి వాన అది. రెండువేల తొమ్మిది, జూన్ నెల. పుష్పమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తోంది. ఎండలకు మాడిపోయిన ఒంటికి ఆ వాన చప్పుడు హాయిగానే ఉంది. అరగంట గడవకముందే పాదాలకు చల్లగా ఏదో తగిలింది. వంగి చూస్తే గుంతలో నీళ్లు, వాటిలో మునిగిన తొక్కుడు చెక్కలు.

"ఏమయ్యో, జల్ది రా! పడుగు తడుస్తున్నది!"

చెన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ పడుగును పైకెత్తి కట్టేసరికే జానెడు పట్టంచు మట్టినీళ్లు తాగింది. బకెట్లతో తోడి వాకిట్లో పోస్తే, పోసినవి పోసినట్టే మళ్లీ లోపలికి వచ్చాయి.

కాంట్రాక్టరు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోసి పోయాడు. ఒకప్పుడు రోడ్డు కన్నా ఎత్తున ఉన్న ఇళ్ల కడపలు ఇప్పుడు దాని కిందికి దిగాయి. వారం తిరిగేలోపు గల్లీలో చేతనైన ప్రతివాళ్లూ కడప మీద ఇటుకలు పేర్చి ఎత్తు చేసుకున్నారు. చెన్నయ్య కూడా మూడు వరుసలు కట్టాడు. రెండో వానకు పుష్పమ్మ ఇల్లు పొడిగానే ఉంది. ఇటుకలు పేర్చే దిక్కులేని పక్కింటి రుక్కమ్మ ఇల్లు మునిగింది.

ముసలామె ఒక్కతే మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటే, పుష్పమ్మ పోయి నీళ్లు తోడింది. తోడుతున్నంతసేపూ ఆమెకు ప్రాణం కుదురుగా లేదు. తమ ఇటుకలే ఈ నీళ్లను ఇటు తోలాయని కళ్లకు కనబడుతూనే ఉంది.

"అవ్వా, ఇంతకుముందు గీ నీళ్లు యాడికి పోతుండె?"

"ఎవరికెరుక బిడ్డా. పోతుండె, అంతే. ఎంత వాన కొట్టినా గల్లీల నీళ్లు నిలవడుడు నేనైతే చూడలె."

ఆ మాట పుష్పమ్మను పట్టుకుంది. మగ్గం మీద కూర్చుంటే అదే, పొయ్యి దగ్గర నిలబడితే అదే. ఇన్నేళ్లు పోయిన నీళ్లు ఇప్పుడెందుకు పోవు? రోడ్డు ఎత్తు పెరిగింది, నిజమే. మరి రోడ్డు మీది నీళ్లయినా ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా.

మూడో వానకు ఆమె నేత ఆపి, గోనెసంచి నెత్తిన కప్పుకుని నీళ్ల వెంట నడిచింది. గల్లీ చివర మలుపు దాకా నీళ్లు గబగబా పోయాయి. అక్కడ మల్లేశ్ కిరాణా దుకాణం మెట్లకు కొట్టుకుని సుడి తిరిగి, పక్కనున్న రేకుల షెడ్డు గోడకు ఆనుకుని నిలిచిపోయాయి. అక్కడి నుంచే వెనక్కి ఎక్కుతున్నాయి. గోడ అడుగున ఒక చీలిక దగ్గర మాత్రం బుడబుడమని బుడగలు లేస్తున్నాయి. నీళ్లు కిందికి పోవడానికి దారి వెతుక్కుంటున్నట్టుంది.

ఆ షెడ్డు ఎవరిదో కాదు, తమదే. మరిది తిరుపతి అందులోనే పట్టుకు రంగులేస్తాడు.

పుష్పమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయి వచ్చిన కొత్తలో అక్కడ వాన నీళ్లు పోయే రాతి కట్టడం మోరి ఉండేది. మనిషి వంగి నడిచేంత పెద్దది. ఊకె పడి ఉన్న జాగ అని మామ దాన్ని పూడ్పించి షెడ్డు వేయించాడు. నాలుగు రోజులు గంపలతో మట్టి మోసింది తనే. కోడలు పనిమంతురాలని మామ పదిమందిలో మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా. ఇన్నేళ్లూ షెడ్డు పక్కన మిగిలిన సందులోంచి జారిపోయిన నీళ్లకు, కొత్త సిమెంటు ఆ దారి కూడా మూసేసింది.

ఇంటికి వచ్చింది కానీ ఎవరితోనూ ఏమీ అనలేదు. అంచులో ఒకే పువ్వు రెండుసార్లు తప్పు నేసి రెండుసార్లు విప్పింది. నాలుగో రోజు చెన్నయ్యే అడిగాడు.

"ఏందే, ఏమైంది నీకు?"

ఆమె అంతా చెప్పింది. చెన్నయ్య మగ్గం పక్కన కూర్చున్నాడు.

"నాకెరుకే. మొదటి వాన నాడే యాదికొచ్చింది."

"మరి చెప్పవైతివి?"

"చెప్తే తిరుపతిగాడు యాడికి పోవాలె? వాని బతుకంతా ఆ షెడ్డే గద."

ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారు. ఆకాశం మబ్బు పట్టినప్పుడల్లా పుష్పమ్మ చూపు రుక్కమ్మ వాకిలి మీదికే పోయేది.

ఆగస్టులో కొలతలు తీసుకోవడానికి మునిసిపాలిటీ నుంచి సాయినాథ్ అనే వర్క్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వనపర్తి పిల్లగాడు, ఉద్యోగానికి కొత్త. గల్లీ జనమంతా చుట్టూ మూగారు. పెద్ద రోడ్డు పక్కన కొత్త మోరి కట్టాలని అందరూ ఒకటే మాట. సాయినాథ్ టేపు చుట్టి తలాడించాడు.

"పెద్ద రోడ్డు మీకన్నా మీద ఉన్నది. నీళ్లు గుట్టెక్కుతయా అమ్మా? కిందికి పోయే తొవ్వ ఏదన్నా ఉంటే చెప్పుండ్రి."

"ఎసుంటి తొవ్వా లేదు సార్," అన్నాడు మల్లేశ్. "ఇప్పటి వానలే గట్లున్నయ్."

తిరుపతి అక్కడే ఉన్నాడు, చేతులు మోచేతుల దాకా ఎర్రరంగుతో. పుష్పమ్మ అతని వైపు చూడకుండా ముందుకొచ్చింది.

"ఉన్నది సారూ. పాత మోరి ఉన్నది, మా షెడ్డు కింద. పూడ్చింది నేనే."

అందరూ తిరుపతి వైపు తిరిగారు.

"వదినా! ఏం మాట్లాడుతున్నవో తెలుస్తున్నదా?" తిరుపతి అడ్డొచ్చాడు. "నన్ను బజార్ల పడేస్తవా?"

"నువ్వు బజార్ల పడతవని నేను ఊకున్నన్ని దినాలు రుక్కమ్మవ్వ నీళ్లల్ల ఉన్నది తిరుపతీ. ఇగ నాతోని కాదు."

తిరుపతి విసురుగా వెళ్లిపోయాడు. నోటీసులూ గట్రా అంటే నెలలు పడుతుందనీ, ఇంటివాళ్లే ఒప్పుకుని రాసిస్తే సోమవారమే తవ్వకం మొదలుపెట్టిస్తాననీ సాయినాథ్ చెప్పాడు. చెన్నయ్య అక్కడే సంతకం పెట్టాడు. సోమవారం పొద్దున నిచ్చెన వేసుకుని మొదటి రేకు కూడా తనే విప్పాడు. మధ్యాహ్నం తిరుపతి వచ్చి రంగు గంగాళాలు ఒక్కొక్కటే రిక్షాలో ఎక్కించుకున్నాడు. వదిన మంచినీళ్లు తెచ్చిస్తే చెంబు ముట్టుకోలేదు. ఇంకో రంగులాయన దగ్గర కూలికి కుదిరాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి విన్న రోజు పుష్పమ్మ మగ్గం ఎక్కలేదు.

ఛాతీ లోతు తవ్వాక రాయి తగిలింది. పాత మోరి చెక్కుచెదరకుండా ఉంది. అది పోయేది మాత్రం మల్లేశ్ మెట్ల కింద నుంచి. మల్లేశ్ ససేమిరా అన్నాడు. రుక్కమ్మ కర్ర పట్టుకుని వచ్చి ఆ మెట్ల మీదే కూర్చుంది.

"నీ దుకాణంల ఉప్పు కొనుక్కపోతే నా ఇంట్ల కరిగి నీళ్లపాలాయె మల్లేశూ. పైసలియ్యి, లేకుంటే మెట్లన్నా తియ్యి."

చుట్టూ జనం నవ్వారు. మల్లేశ్ మొహం మాడ్చుకున్నా, రెండు రోజులకు మెట్లు తీయించి చెక్క పలక వేసుకున్నాడు.

అక్టోబరు మొదట్లో వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. గల్లీ జనమంతా మలుపు దగ్గర గొడుగులేసుకుని నిలబడి, మోరిలోకి హోరుమని దూకుతున్న నీళ్లను చూశారు. పుష్పమ్మ మగ్గం గుంతలో చెమ్మ ఊరింది, అంతే. రుక్కమ్మ ఇంట్లో పొయ్యి ఆరలేదు. తిరుపతి కూడా దూరంగా నిలబడి కాసేపు చూసి, పలకరించకుండానే వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున పాండు అనే మనిషి వచ్చాడు. కింది బస్తీలో ఉంటాడు, కూరగాయల బండి తోసుకుంటాడు. తొడల దాకా బురద.

"మీ నీళ్లన్నీ మా ఇండ్లల్ల ఉన్నయ్. ఎవరిని అడగాలె?"

"మా గల్లీల అయితే లేవు గద," అన్నాడు మల్లేశ్. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

పుష్పమ్మ చెంగు నడుముకు దోపుకుంది. "పా అన్నా, చూస్త" అంటూ పాండు వెంట కదిలింది. చెన్నయ్య ఆపబోయి, ఆమె మొహం చూసి తనూ చెప్పులు వేసుకున్నాడు.

కింది బస్తీ మోకాలి లోతు నీళ్లలో ఉంది. పిల్లలను బండ్ల మీద కూర్చోబెట్టారు. దాన్ని దాటితే పెద్ద పల్లం. మోరి నీళ్లన్నీ అక్కడికొచ్చి నిలిచి మెల్లగా ఇంకిపోయేవని పాండు చెప్పాడు. ఇప్పుడా పల్లం చుట్టూ మొరం మట్టి కట్ట పోసి చదును చేస్తున్నారు. కట్టకు ఈవల నీళ్లు, ఆవల సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్లు. గొడుగు కింద ఒకతను ప్లాట్ల నక్షా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పుష్పమ్మ కట్ట ఎక్కి అతని దగ్గరికి పోయింది.

"సార్, గిన్ని ప్లాట్లు చేసిండ్రు. నీళ్లకు ఏది ఇడిసిండ్రు?"

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఈడ నీకేమన్నా జాగ ఉన్నదా?"

"లేదు. మా గల్లీ నీళ్లున్నయ్."

అతను నక్షా మడిచి చంకలో పెట్టుకున్నాడు. వాన మళ్లీ జోరందుకుంది. పాండు సాయినాథ్‌ను పిలుచుకురావడానికి పరుగుతీశాడు. పుష్పమ్మ కట్ట దిగలేదు. తడిసి ముద్దయి, చెన్నయ్య పక్కన అక్కడే నిలబడి, నీళ్లు ఎటు మళ్లాలని చూస్తున్నాయో అటే చూస్తూ ఉంది.