ఓదార్పు పుస్తకం

మా పురపాలక కార్యాలయంలో మూడో కిటికీ నాది. పైన 'ఫిర్యాదులు, సమాచారం' అని బోర్డు ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ కిటికీ వెనకే కూర్చున్నాను. నాకు కోపం ఎక్కువని ఊళ్లో పేరు. కోపం కాదు, విసుగు. రోజుకు అరవై మంది వచ్చి ఒకే మురుగు కాలువ గురించి అరవై రకాలుగా చెబితే ఎవరికైనా వస్తుంది.

నా బల్ల మీద రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి ఎర్ర అట్టది, అసలు రిజిస్టరు. అందులో ఫిర్యాదు ఎక్కిందంటే దానికి నంబరు పడుతుంది. ఏడు రోజుల్లో జవాబు రాయాలి, రాయకపోతే పైనుంచి మెమో వస్తుంది. రెండోది, తేలిగ్గా తీరని ఫిర్యాదుల కోసం, మామూలు గీతల నోటు పుస్తకం. దానికి నంబర్లూ లేవు, జవాబులూ లేవు. వచ్చినవాళ్ల ఎదురుగానే పేరు, చిరునామా, ఫిర్యాదు అందులో శుభ్రంగా రాసుకుంటాం. వాళ్లు చూస్తారు, తృప్తిగా వెళ్లిపోతారు. నాకంటే ముందు ఈ సీట్లో పనిచేసినాయన దానికి ఓదార్పు పుస్తకం అని పేరు పెట్టాడు. ఏటా పాత కాగితాలతో పాటు దాన్ని తూకానికి వేసేస్తాం. నేను కనిపెట్టింది కాదు, అలాగని మానిందీ లేదు. ఎర్ర పుస్తకం ఎప్పుడు తెరిచినా వందకు వంద ఫిర్యాదులు తీరిపోయినట్టే ఉండేవి. అందుకు మా ఆఫీసుకు ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. మెట్ల దగ్గర అద్దం కట్టించి పెట్టారు.

ఓదార్పు పుస్తకంలో అందరికంటే ఎక్కువసార్లు ఎక్కిన మనిషి మిషనక్క. బట్టలు కుడుతుంది కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ఉండేది రేకుల లైను, ఏడో గది. ఆ లైను పురపాలక సంఘానిదే, ఒకప్పుడు నీటి విభాగం పనివాళ్ల కోసం కట్టిన పన్నెండు గదులు. ఆమె అన్న ఆ విభాగంలో పనిచేసేవాడు. ఆయన పోయాక ఆమె అక్కడే ఉండిపోయింది. సందు చివర స్తంభానికున్న దీపం వెలగదు. ప్రతి సోమవారం కిటికీ తెరవగానే కనబడే మొదటి మొహం ఆమెదే.

"తమ్ముడూ, రాసుకో. రేకుల లైను, ఏడో గది. స్తంభం లైటు."

"పోయిన వారమే రాశానక్కా."

"ఈ వారం కూడా వెలగలేదు కదా. ఈ వారానిది రాయి."

రాసేవాణ్ణి. ముగించేదాకా మెడ చాచి చూసేది. 'ఏడో గది' అని సరిగ్గా పడిందో లేదో వేలు పెట్టి చూపించమనేది. ఆమె వెళ్లాక, చెవిలో జోరీగలా తగులుకుందిరా బాబూ అని అందరం నవ్వుకునేవాళ్లం. దీపం సంగతంటారా, స్తంభం కరెంటువాళ్లది, దీపం మాది, మధ్యలో తీగ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

ఈ ఏడాది రేకుల లైను పడగొట్టాలని తీర్మానమైంది. ఏడేళ్లకు తక్కువ కాకుండా అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపినవాళ్లకు కొత్త భవనంలో గది ఇస్తారు. చూపలేనివాళ్లు నెల లోపల ఖాళీ చేయాలి. లైనులో మిగతా అందరికీ ఏదో ఒక కాగితం దొరికింది. మిషనక్క దగ్గర చిత్తు ముక్క కూడా లేదు. గది వాళ్లన్న పేరు మీద ఉంది. నీళ్లూ కరెంటూ లైను మొత్తానికి ఒకటే. గుర్తింపు కార్డులో ఇంకా పాత ఊరి చిరునామాయే. దాన్ని మార్పించుకుందామని వస్తే ఇక్కడ ఉంటున్నట్టు రుజువు తెమ్మని పంపేశాం. ఇరుగుపొరుగు సాక్ష్యం చెల్లదని నిబంధనల్లోనే ఉంది. గది పోతే ఆమెకు మిషను పెట్టుకునే చోటు లేదు, మిషను ఆగితే పొట్ట గడవదు. ఇదంతా నాకు తెలుసు.

ఆ సోమవారం ఆమె నవ్వు మొహంతో వచ్చింది.

"నీ పుణ్యమా అని గట్టెక్కాను తమ్ముడూ!"

"నేనేం చేశానక్కా?"

"అదేంటి, తొమ్మిదేళ్లుగా వారం వారం రాశావుగా! తారీఖుతో సహా, గది నంబరుతో సహా. ఆఫీసు పుస్తకం కంటే పెద్ద రుజువు ఇంకేముంటుంది? నకళ్లు ఇప్పించు. ఇదిగో దరఖాస్తు."

చూస్తాలే అక్కా అన్నాను. దరఖాస్తు మీద ముద్ర వేసి రసీదు ఇచ్చాను. ఎవరికి గది ఇవ్వాలో తేల్చే విచారణకు ఇంకా పది రోజులుంది.

నాలుగు రోజులు రికార్డు గదిని జల్లెడ పట్టాను. తుమ్మి తుమ్మి తల ప్రాణం తోకకొచ్చింది. ఎర్ర పుస్తకాల్లో మిషనక్క పేరు ఒక్కచోట కూడా లేదు. ఓదార్పు పుస్తకాల్లో మిగిలింది ఈ ఏడాదిది ఒక్కటే. మిగతావన్నీ ఎప్పుడో కిరాణా కొట్లలో పొట్లాలైపోయి ఉంటాయి. పెద్దగుమాస్తా దగ్గరికి వెళ్లి చెప్పాను.

"దానికింత కంగారెందుకోయ్? 'రికార్డులు లభ్యం కావు' అని ఒక్క ముక్క రాసి పడేయ్," అన్నాడాయన.

"ఆమె గది పోతుందండీ."

"ఆ పుస్తకం సంగతి బయటపడితే నీ ఉద్యోగం పోతుంది. ఏది కావాలో నువ్వే చూసుకో. నన్ను మాత్రం ఇందులోకి లాగకు."

అయిదో రోజున ఒక సంగతి గుర్తొచ్చి నా సొంత సర్వీసు ఫైలు తీయించాను. ఎనిమిదేళ్ల కిందట మిషనక్క నా మీదే ఒక ఫిర్యాదు రాసి పై అధికారి పెట్టెలో వేసింది. 'మూడో కిటికీ గుమాస్తా రాసుకోవడమే గానీ దీపం వేయించడు' అని. దానికి నేనిచ్చిన సంజాయిషీ కిందనే ఉంది. 'నేను స్వయంగా రేకుల లైను ఏడో గదికి వెళ్లి ఫిర్యాదుదారును కలిశాను. దీపం వెలుగుతున్నది.' సంతకం, తారీఖు, ముద్ర అన్నీ ఉన్నాయి. వెళ్లిందీ లేదు, కలిసిందీ లేదు. కుర్చీలోంచి లేవకుండా రాసిన పచ్చి అబద్ధం. అయితేనేం, నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఎనిమిదేళ్ల కిందట ఆమెను ఆ గదిలో ఆఫీసు మనిషి కళ్లారా చూసినట్టు కాగితం! ఆమె గది దక్కుతుంది, నా పుస్తకం సంగతి బయటికి రాదు. నకలు తీయించి విచారణ అధికారికి పంపేశాను. ఆ సాయంత్రం మా ఆవిడ అడిగింది కూడా, ఏంటివాళ ఎవరి మీదా విసుక్కోవడం లేదని.

విచారణ మేడమీది హాల్లో జరిగింది. అధికారిగా వేరే ఊరి నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివి మిషనక్కను ముందుకు పిలిచారు.

"చిరునామా అంటే ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చమ్మా. కానీ మిమ్మల్ని ఆ గదిలో చూశానని ఈయన రాశారు. అది చాలు." నా వైపు తిరిగారు. "మీరు వెళ్లారా?"

"వెళ్లానండి," అన్నాను. గుటక కూడా మింగలేదు.

"ఏమ్మా, ఈయన వచ్చారు కదా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. తల ఊపినా సరిపోయేది. మిషనక్క నన్నూ ఆ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"అందులో దీపం సంగతి ఏమని రాసుందండీ?"

"వెలుగుతోందని."

"అయితే అబద్ధమండీ. అది ఒక్కరోజు కూడా వెలగలేదు. ఈ తమ్ముడు మా సందులోకి ఏనాడూ రాలేదు."

"ఆలోచించుకుని చెప్పమ్మా. రాలేదంటే ఈ కాగితం చెల్లదు. మీ దగ్గర ఇంకో ఆధారం లేదు."

"రానివాణ్ణి వచ్చాడని ఎలా చెప్పమంటారు? ఆధారం లేకపోవడమేంటండీ, అతను రాసిన పుస్తకాలున్నాయిగా! అవి తెప్పించండి. వాటిల్లో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. అన్నీ నా ఎదురుగా రాసినవే."

నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. వెనక వరసలోంచి పెద్దగుమాస్తా గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు దేనికో నాకు తెలుసు.

"ఆ పుస్తకాలు లేవండి," అన్నాను.

మొదలుపెట్టాక ఆపలేదు. రెండు పుస్తకాల సంగతి, తూకం సంగతి, సంజాయిషీ సంగతి, అన్నీ కక్కేశాను. కిందికి వెళ్లి ఈ ఏడాది పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడమ్ పేజీలు తిప్పారు. ఇరవై తొమ్మిది సోమవారాలు, ఇరవై తొమ్మిదిసార్లు రేకుల లైను, ఏడో గది.

"తొమ్మిదేళ్లూ ఇలాగే వచ్చి ఇదే చిరునామా చెప్పిందా?"

"ఇదేనండి. మిగతా పుస్తకాలు నేనే తూకానికి వేశాను."

"ఇదంతా రాసి సంతకం పెడితే మీ మీద చర్య తప్పదు."

"తెలుసండి."

మేడమ్ పుస్తకం మూశారు. "తన పీకకే చుట్టుకునే అబద్ధం ఎవరూ చెప్పరు," అని తన గుమాస్తాతో అన్నారు. "తను ఉండని సందులో దీపం కోసం తొమ్మిదేళ్లు ఎవరూ తిరగరు కూడా. వాంగ్మూలం రాయండి. దీని మీద ఆమెకు గది ఇచ్చేద్దాం."

ఆయన రాసి పైకి చదివాడు. 'ఈమె గత తొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం నా కిటికీ వద్దకు వచ్చి...' అంటుండగానే మిషనక్క చెయ్యెత్తింది.

"ప్రతి సోమవారం అని రాయకండి. మధ్యలో రెండు నెలలు నేను రాలేదు. ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగొచ్చిన రోజున అది కూడా చెప్పి రాయించాను. బతుకుతానని అనుకోలేదు తమ్ముడూ అన్నాను. అడగండి, తమ్ముడికి తెలుసు."

అందరూ నా వైపు చూశారు. నేను నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏ సంవత్సరమో తట్టలేదు. ఆ రెండు నెలలూ ఆమె రాలేదన్న సంగతే నేను గమనించలేదు. వచ్చి చెప్పిన మాటలు నా చేత్తోనే రాశానన్నది కూడా ఇప్పుడు ఆమె చెబితేనే తెలిసింది.

"గుర్తు లేదండి," అన్నాను. ఆ రోజు చెప్పినవాటన్నిటిలోకీ అదే కష్టమైంది.

మిషనక్క తల దించుకుంది. గుమాస్తా 'రెండు నెలలు మినహా' అని చేర్చి కాగితం నా ముందుకు తోశాడు. సంతకం పెట్టాను. తర్వాత ఆమె పెట్టాలి.

"గుమాస్తాగారూ," అంది నాతో, చెయ్యి చాపి, "మీ పని అయిపోతే కలం ఇలా ఇస్తారా?"